త్సిట్టావ్‌కి రైలెక్కండి

జర్మనీలోని డ్రెస్డెన్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళ దగ్గర ఒక లిస్టు ఉంటుంది. ఫ్రావెన్‌కిర్షె, త్స్వింగర్, మర్నాడు బస్టై వంతెన మీద ఫోటోలు, ఇంకో రోజు మిగిలితే ప్రాగ్. ఆ లిస్టులో త్సిట్టావ్ పేరు నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటికి వచ్చినవాళ్ళని మాత్రం పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్తూ ఉంటాను. ఎందుకంత పట్టుదల అని చాలామంది అడిగారు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

జర్మనీ పటంలో కుడిచేతివైపు అంచున, దాదాపు మధ్యలో చూడండి. సాక్సనీ రాష్ట్రం అక్కడ సన్నగా సాగి పోలండ్‌కి, చెక్ దేశానికి మధ్య ఇరుక్కుంటుంది. ఆ చివర ఉన్న ఊరు త్సిట్టావ్. తూర్పున నైసె నది, అది దాటితే పోలండ్. దక్షిణాన కొండలు, అవి దాటితే చెక్ దేశం. ఓపికుంటే ఊరి మధ్య నుంచి నడుచుకుంటూ మూడు సరిహద్దులు కలిసే చోటికి వెళ్ళిపోవచ్చు. ఒకప్పుడు 40 వేలు దాటిన జనాభా ఇప్పుడు 25 వేలకు అటూ ఇటూ ఉంది. ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడానికి వచ్చిన మా స్నేహితురాలి తమ్ముడు మొదటి నెలలోనే నాకు ఫోన్ చేసి, "అక్కా, సాయంత్రం ఆరు దాటితే వీధిలో మనిషి కనపడట్లేదు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు. రైల్వే స్టేషన్‌కి వెళ్ళి కాసేపు కూర్చోమన్నాను. ఆ ఊరి కథంతా అక్కడే తెలుస్తుంది.

త్సిట్టావ్‌కి రైలు 1848 జూన్ 10న వచ్చింది. అప్పటికే డ్రెస్డెన్ నుంచి గోర్లిట్స్ వెళ్ళే పెద్ద లైను లోబావ్ మీదుగా పోతోంది. త్సిట్టావ్ బట్టల వ్యాపారుల ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా మగ్గాలుండేవి. ఆ సరుకు బయటికి పోవాలంటే రైలు కావాలి కాబట్టి లోబావ్ నుంచి ఒక శాఖ వేయించుకున్నారు. పదకొండేళ్ళ తర్వాత, 1859 డిసెంబర్ 1న, ఇంకో దిక్కున రైషెన్‌బెర్గ్ దాకా లైను తెరిచారు. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, పేరు లిబెరెత్స్. ఈ లైను కోసం నైసె లోయ మీద 745 మీటర్ల పొడవున, 34 కమానులతో ఒక రాతి వంతెన కట్టారు. రైలు స్టేషన్ వదిలిన కాసేపటికే దాని మీదికి వస్తుంది. కిటికీలోంచి కిందికి చూస్తే తోటలు, పెరళ్ళు, మధ్యలో నది.

ఆ వంతెన కట్టినవాళ్ళకి తాము సాక్సనీని ఆస్ట్రియాతో కలుపుతున్నామని తెలుసు. మధ్యలో పోలండ్ వస్తుందని కలలో కూడా అనుకుని ఉండరు. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నైసె నదినే సరిహద్దు చేశారు. నదికి తూర్పునున్న సాక్సనీ ముక్క పోలండ్‌కి వెళ్ళింది. అక్కడి జర్మన్ కుటుంబాలను ఇళ్ళు ఖాళీ చేయించి పంపేశారు. ఆ ఇళ్ళలోకి పోలండ్ ఇతర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు చేరారు. రైషెనావ్ అనే ఊరు బొగాతినియా అయింది. పట్టాలు మాత్రం పాతచోటే ఉండిపోయాయి.

దాని ఫలితం ఇప్పటికీ కళ్ళారా చూడొచ్చు. త్సిట్టావ్ నుంచి లిబెరెత్స్ వెళ్ళే రైలు జర్మనీలో బయలుదేరుతుంది, వంతెన దాటగానే పోలండ్‌లోకి వస్తుంది, రెండున్నర కిలోమీటర్లకు పైగా పోలండ్ నేల మీద నడుస్తుంది, అక్కడ ఎక్కడా ఆగదు, హ్రాడెక్ దగ్గర చెక్ దేశంలోకి దిగుతుంది. మీ ఫోను పోలండ్‌కి స్వాగతం అని మెసేజ్ ఇచ్చి, అది చదివేలోగా చెక్ దేశానికి స్వాగతం అంటుంది. మా అత్తయ్యకి అది ఎంత నచ్చిందంటే తిరుగు ప్రయాణంలో ఫోను చేతిలో పట్టుకుని ఆ మెసేజ్‌ల కోసమే కూర్చున్నారు.

ఆ చిన్న ముక్క వల్ల తలనొప్పులు తక్కువేమీ కావు. పట్టాలు పోలండ్ రైల్వేవి. వాటి మీద పోలండ్ ప్రయాణికుడు ఒక్కడూ ఎక్కడు, దిగడు. ఎవరూ వాడని పట్టాలను ఖర్చుపెట్టి ఎవరు బాగుచేస్తారు? అందుకని చాలా ఏళ్ళపాటు రైలు అక్కడికి రాగానే నెమ్మదించి, ఊగుతూ, పాకుతూ పోయేదట. అయినా ఆ లైను మూసేయలేదు. మూడు దేశాల అధికారులు, మూడు భాషలు, మూడు రకాల సిగ్నల్ నిబంధనలు, మధ్యలో ఆదాయం లేని ముక్క. ఆపేయడానికి కావలసినన్ని కారణాలున్నాయి. అయినా పగలంతా రైళ్ళు తిరుగుతూనే ఉంటాయి. నన్ను ఈ ఊరికి కట్టిపడేసింది ఇదే.

ఉత్తరాన గోర్లిట్స్ వైపు వెళ్ళే లైను ఇంకా వింత. 1875లో వేసిన ఈ లైను నైసె నదిని పట్టుకుని పోతుంది. ఒక ఒడ్డు మీద కొంతదూరం, రెండో ఒడ్డు మీద కొంతదూరం. వేసినప్పుడు రెండు ఒడ్డులూ ఒకే దేశానివి కాబట్టి, ఎక్కడ నేల అనువుగా ఉంటే అక్కడ వేశారు. 1945 తర్వాత తూర్పు ఒడ్డు మీది ముక్కలన్నీ పోలండ్‌లో పడ్డాయి. ఆస్ట్రిట్స్ అనే చిన్న ఊరికి కష్టం ఇంకా ఎక్కువ. ఊరు పడమటి ఒడ్డున జర్మనీలో ఉంది, ఆ ఊరి స్టేషన్ తూర్పు ఒడ్డున పోలండ్‌లో ఉండిపోయింది. స్టేషన్ పేరు ఇప్పుడు క్షెవీనా. ఆస్ట్రిట్స్ వాళ్ళు నడకవంతెన మీదుగా నది దాటి, పరాయి దేశంలో రైలెక్కి, మళ్ళీ సొంత దేశంలో దిగుతారు. తూర్పు జర్మనీ రోజుల్లో ఆ ప్లాట్‌ఫాం మీద పోలండ్ సరిహద్దు సైనికులు కాపలా ఉండేవారు. రైలు దిగినవాళ్ళు నేరుగా వంతెన వైపే నడవాలి, పక్కకి అడుగు వేయకూడదు. ఇప్పుడు కాపలా లేదు. 2007 డిసెంబర్ 21న పోలండ్, చెక్ దేశాలు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల షెంగెన్ ఒప్పందంలో చేరిన రోజున జర్మనీ ఛాన్సలర్ అంగెలా మెర్కెల్, పోలండ్ ప్రధాని డొనాల్డ్ టుస్క్, చెక్ ప్రధాని మిరెక్ టొపొలానెక్ ఈ త్సిట్టావ్ మూలకే వచ్చి సరిహద్దు గేటు ఎత్తారు.

ఆ రైల్లో వెళ్తే దారిలో నది ఆవల పెద్ద ఎర్ర గోడల కట్టడం కనిపిస్తుంది. అది 1234లో మొదలైన సెయింట్ మారియెంటాల్ కన్యాస్త్రీల మఠం. అంత పాత మఠాన్ని పోలండ్ పట్టాల మీద నుంచి చూస్తున్నామనే ఆలోచన నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

పడమట వైపు లైను గురించి ఒక్క మాట. త్సిట్టావ్ నుంచి గ్రోస్‌షోనావ్ మీదుగా జైఫ్‌హెన్నెర్స్‌డోర్ఫ్ వెళ్ళే రైలు మధ్యలో చెక్ దేశపు వార్న్స్‌డోర్ఫ్‌లోంచి పోతుంది. రెండు చివరలూ జర్మనీవే. సోషలిస్టు రోజుల్లో అక్కడ ఆగకుండా పోయేది, ఇప్పుడు ఆగుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిన్నరైలు.

త్సిట్టావ్ పెద్ద స్టేషన్ ఎదురుగా ఇంకో చిన్న స్టేషన్ ఉంటుంది. అక్కడి నుంచి 750 మిల్లీమీటర్ల పట్టాల మీద, ఆవిరి ఇంజన్‌తో, దక్షిణాన ఉన్న కొండల్లోకి బండి వెళ్తుంది. 1890లో మొదలైంది. బెర్ట్స్‌డోర్ఫ్ అనే జంక్షన్ దగ్గర లైను రెండుగా చీలి, ఒకటి ఓయ్‌బిన్‌కి, ఇంకోటి యోన్స్‌డోర్ఫ్‌కి పోతుంది. రెండు శాఖలూ కలిపితే 16 కిలోమీటర్లు. ఇంజన్లలో చాలావరకు 1928 నుంచి 1933 మధ్య తయారైన పెద్ద తరగతివి, ఐదు జతల చక్రాలవి. ఇంత సన్నని పట్టాల మీద అంత బరువైన ఇంజన్ను చూస్తే మొదటిసారి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. టూరిస్టుల తాకిడి ఎంత ఉండేదంటే 1913లో ఈ లైనులో ఎక్కువ భాగాన్ని డబుల్ లైను చేశారు. సన్నపట్టాల రైలుకి డబుల్ లైను సాక్సనీలో ఇంకెక్కడా లేదు. రెండో లైను 1940ల్లో తీసేశారు.

నేను పుట్టింది టెక్కలిలో. శ్రీకాకుళం జిల్లా వాళ్ళు ఇప్పటికే ఊహించి ఉంటారు ఎక్కడికి వస్తున్నానో. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైటు రైల్వే మా ఊరి మీదుగానే పోయేది. తర్వాత 1931లో గుణుపురం దాకా పొడిగించారు. ఆ పట్టాల వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. త్సిట్టావ్ పట్టాలకూ మన పట్టాలకూ తేడా 12 మిల్లీమీటర్లు మాత్రమే. మా నాన్న పాతపట్నం నుంచి టెక్కలికి చదువుకోవడానికి ఆ బండిలోనే వచ్చేవారు. 2004లో దాన్ని బ్రాడ్‌గేజ్ కోసం ఆపేశారు, 2011 కల్లా గుణుపురం దాకా పెద్దబండి నడిచింది. అది మంచిదే. విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుణుపురం మనిషికి పెద్దబండి కావాలి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ నౌపడ నుంచి టెక్కలి దాకా ఉన్న ఆ కాస్త దూరమైనా పాత పట్టాల్ని ఉంచి, ఆదివారాలు ఒక బండి నడిపి ఉండొచ్చు కదా అని నాకు బలంగా అనిపిస్తుంది. ఉప్పుమళ్ళ పక్కనుంచి పోయే ఆ దారి ఎంత అందంగా ఉండేదో చూసినవాళ్ళకి తెలుసు.

నాన్న డ్రెస్డెన్ వచ్చినప్పుడు ఆయన్ని మొట్టమొదట ఈ చిన్నరైలు దగ్గరికే తీసుకెళ్ళాను. బెర్ట్స్‌డోర్ఫ్‌లో ఒక వేడుక లాంటిది జరుగుతుంది. ఓయ్‌బిన్ బండి, యోన్స్‌డోర్ఫ్ బండి పక్కపక్కన నిలబడి, ఒకేసారి కూత వేసి, ఒకేసారి కదిలి, కొంతదూరం జోడెద్దుల్లా పక్కపక్కనే పోయి తర్వాత విడిపోతాయి. నాన్న ప్లాట్‌ఫాం మీద ఏమీ మాట్లాడలేదు. పెట్టె చివర తెరిచి ఉన్న వరండాలో నిలబడి బొగ్గు పొగ పీల్చాక, "ఇదే వాసన తల్లీ, తెంబూరు దగ్గర ఎక్కువ వచ్చేది" అన్నారు. టికెట్ చూడ్డానికి వచ్చిన గార్డుతో నా ద్వారా చాలా ప్రశ్నలు అడిగించారు. ఎన్ని పెట్టెలు లాగుతుంది, ఎక్కే దగ్గర చక్రం జారితే ఇసుక ఎలా పోస్తారు, ఫైర్‌మన్ ఉద్యోగం పర్మనెంటా కాదా. గార్డు ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరి ప్రశ్నకి అవుననే చెప్పాడు. నాన్నకి అది చాలా సంతోషం కలిగించింది.

ఈ చిన్నరైలు కూడా దాదాపు పోయేదే. త్సిట్టావ్ కింద నేలంతా గోధుమరంగు బొగ్గు, అంటే లిగ్నైట్. 1980ల్లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఓల్బెర్స్‌డోర్ఫ్ గనిని పెంచడానికి ఈ రైలును ఆపేయాలని నిర్ణయించింది. పట్టాల కిందే బొగ్గుంది మరి. అంతలో 1989 వచ్చింది, బెర్లిన్ గోడ పడింది, ఏడాదిలో ఆ దేశమే లేకుండా పోయింది. 1991లో గని మూతపడింది, ఆ గొయ్యిలో నీళ్ళు నింపి చెరువు చేశారు. ఎండాకాలం పిల్లలు అక్కడ ఈత కొడతారు. రైలు చేతులు మారి, 1996 చివరి నుంచి స్థానిక జిల్లా, ఊళ్ళు కలిసి పెట్టుకున్న సంస్థ దాన్ని నడుపుతోంది. ఒక దేశం కూలిపోవడం వల్ల ఒక రైలు బతికిందంటే, బొగ్గు మీద అప్పుడు ఎంత ఒత్తిడి ఉండేదో ఆలోచించండి.

బతకని చిన్నరైలు కూడా ఒకటుంది. త్సిట్టావ్ నుంచి తూర్పుగా రైషెనావ్ వైపు 1884లో వేసిన సన్నపట్టాల లైను. కొత్త సరిహద్దు దాన్ని రెండు ముక్కలు చేసింది. పోలండ్ వైపు మిగిలిన ముక్క 1961 దాకా నడిచింది. దాని చుట్టూ ఉన్న నేలని తూరూఫ్ బొగ్గు గని మింగేసింది. ఆ గని ఇప్పటికీ తవ్వుతున్నారు. పక్కనే కరెంటు కేంద్రం, దాని ఆవిరి గోపురాలు త్సిట్టావ్ వీధుల్లోంచి కనపడతాయి. గని వల్ల తమ పల్లెల్లో భూగర్భ జలాలు ఎండిపోతున్నాయని చెక్ దేశం యూరోపియన్ కోర్టుకి వెళ్తే, 2021 సెప్టెంబర్‌లో కోర్టు పోలండ్‌కి రోజుకి 5 లక్షల యూరోల జరిమానా వేసింది. 2022 ఫిబ్రవరిలో రెండు దేశాలూ రాజీపడ్డాయి. గేట్లు ఎత్తేసినా ఈ మూలలో సరిహద్దు ఇంకా బతికే ఉంది, నేల కింద నీటి రూపంలో.

ఊరివాళ్ళ గురించి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. త్సిట్టావ్‌లో పుట్టినవాళ్ళలో నాకు ముందు గుర్తొచ్చేది సంగీతకారుడు హైన్రిష్ మార్షనర్. 1795 ఆగస్టు 16న పుట్టాడు. ఈ ఊరి బడిలోనే చదివాడు, బృందగానంలో పాడాడు. 1828లో లైప్జిగ్‌లో ఆయన ఒపెరా "డెర్ వాంపీర్" మొదటిసారి ఆడింది. రక్తపిశాచి కథ, అప్పటి యూరప్‌లో మంచి ఫ్యాషన్. 1833లో బెర్లిన్‌లో "హాన్స్ హైలింగ్" వచ్చింది. భూమి కింద గనుల్లో ఉండే ఆత్మల రాజు పైకొచ్చి మనిషిపిల్లను ప్రేమించి, ఆమె దక్కక తిరిగి కిందికి వెళ్ళిపోతాడు. రైల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని దాని మొదటి భాగం వినండి, నేల కింది ఆత్మలు పాడే బృందగానంతోనే మొదలవుతుంది. జర్మన్ ఒపెరా చరిత్రలో వేబర్‌కీ వాగ్నర్‌కీ మధ్య మెట్టు మార్షనరే. కుర్రవాడిగా ఉన్న వాగ్నర్ 1833లో వ్యూర్త్స్‌బుర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు "వాంపీర్" ప్రదర్శనలో ఒక పాటకి కొత్త ముగింపు రాసి చేర్చాడు. ఇవాళ వాగ్నర్ పేరు తెలియనివాళ్ళు లేరు, మార్షనర్ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఇది నాకు బాధగానే ఉంటుంది.

ఇంకొకాయన క్రిస్టియాన్ వైసె. 1642లో ఇక్కడే పుట్టి, 1678లో తను చదువుకున్న ఊరి బడికే పెద్ద పంతులుగా తిరిగొచ్చి, 1708లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. పిల్లలకి ధైర్యంగా మాట్లాడ్డం, నలుగురిలో మెలగడం రావాలంటే నాటకాలు ఆడించడమే దారని నమ్మాడు. ఏటా మూడు నాటకాలు తనే రాసి పిల్లలతో ఆడించేవాడు: ఒకటి బైబిల్ కథ, ఒకటి చరిత్ర, ఒకటి సొంత కల్పన. అలా అరవై దాకా రాశాడు. నాటకంలో పాత్రలు చాలా ఎక్కువ, ఎందుకంటే బడిలో ఏ పిల్లవాడూ వేషం లేకుండా మిగలకూడదు. ఇంతకంటే మంచి పంతులు ఎవరుంటారు? ఊరి గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు. అది ఉన్నది 1511 నాటి ఉప్పు గిడ్డంగిలో. పండితుడు మోరిత్స్ హౌప్ట్ కూడా ఇక్కడివాడే, 1808లో పుట్టాడు. 1848-49 ఉద్యమాల తర్వాత చరిత్రకారుడు మోమ్సెన్‌తో పాటు లైప్జిగ్ యూనివర్సిటీ ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత బెర్లిన్‌లో స్థిరపడ్డాడు.

ఊళ్ళో ఒకేఒక్క చోట ఆగే టైముంటే పవిత్ర శిలువ చర్చికి వెళ్ళండి. 1472లో ఒక సుగంధద్రవ్యాల వ్యాపారి చేయించి ఇచ్చిన పెద్ద నారబట్ట అక్కడుంది. 8.20 మీటర్ల ఎత్తు, 6.80 మీటర్ల వెడల్పు, దాని మీద బైబిల్ కథలు 90 బొమ్మలుగా గీశారు. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో దాన్ని చర్చిలో బలిపీఠానికి అడ్డంగా కట్టేవారు. మన కాళహస్తి కలంకారీ తెరలు చూసినవాళ్ళకి ఆ గళ్ళ వరసలు చూడగానే ప్రాణం లేచొస్తుంది. యుద్ధం చివర్లో ఓయ్‌బిన్ కొండ మీద దాచిపెడితే, సోవియట్ సైనికులకి దొరికి, నాలుగు ముక్కలుగా కోసి ఆవిరిస్నానం గదికి గోడతెరగా వాడారు. 1990ల్లో స్విట్జర్లాండ్‌లో ఒక సంస్థ ఎంతో శ్రమపడి దాన్ని కలిపింది. రంగులు కొన్నిచోట్ల పూర్తిగా వెలిసిపోయాయి, అయినా 90 గళ్ళూ వరసగా నిలబడ్డాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: డ్రెస్డెన్ నుంచి గంటన్నర ప్రయాణం, మధ్యలో మారక్కర్లేని రైళ్ళు ఉన్నాయి. మూడు దేశాల్లోనూ చెల్లే ఒక రోజు టికెట్ ఉంది, ఓయ్‌రో-నైసె టికెట్ అని అడగండి. పొద్దున చిన్నరైల్లో ఓయ్‌బిన్ వెళ్ళి కొండ మీది పాడుబడ్డ మఠం చూసి, మధ్యాహ్నానికి త్సిట్టావ్ తిరిగొచ్చి ఆ బట్ట చూసి, సాయంత్రం లిబెరెత్స్ రైలెక్కి 34 కమానుల వంతెన దాటండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరుంచుకోండి, ఈమధ్య సరిహద్దులో తనిఖీలు జరుగుతున్నాయి. చిన్నపిల్లలుంటే చిన్నరైల్లో పైకప్పు లేని పెట్టె ఎక్కించండి. పాతబట్టలు వేయండి, బొగ్గు నలుసులు పడతాయి.